మన అంగళ్ల బోర్డులు

మన పట్టణములలో ఏ పెద్ద బజారునందైనను ఈ చివరనుండి ఆ చివరకు నడచుచు అంగళ్లపైనున్న బోర్డులను మాత్రమే చదువుకొనుచు పోయినచో ఒక వింత గోచరించును. కిరాణాకొట్టుపై శీతల పానీయముల కంపెనీ పేరు మూరెడెత్తు అక్షరములతో నుండును. కొట్టు యజమాని పేరు ఒక మూల బెత్తెడైనను లేక యుండును. ఇనుప సామానుల దుకాణముపై రంగుల కంపెనీయు, చిల్లరకొట్టుపై సబ్బుల కంపెనీయు, సెల్‌ఫోనుల షాపుపై ఫోనుల కంపెనీయు రాజ్యము చేయుచున్నవి. అంగడి యెవరిది? పెట్టుబడి యెవరిది? తెల్లవారుజామున తలుపు తీసి రాత్రి పది గంటలకు మూయువాడెవడు? వాని పేరు మాత్రము వీధిని పోవువారికి కనబడదు.

ఈ బోర్డులను కంపెనీలవారు ఉచితముగా కట్టి పోవుదురు. వేలకొలది రూపాయల ఖర్చు తప్పినదని వర్తకుడు సంతోషించును. ఈ సంతోషమున మేము పాలు పంచుకొనజాలకున్నాము. మనుష్యునకు నొసలెట్టిదో అంగడికి బోర్డట్టిది. తన నొసట తన బొట్టు పెట్టుకొనుట మాని పరుని ముద్ర వేయించుకొని, అందుకు రూకయైనను ఖర్చు కాలేదని మురియువానిని లోకము తెలివిగలవాడనునా?

ఉచితముగా వచ్చినదానికిని వెల గలదు. ఆ వెల యెట్టిదో మన వర్తకులు కొంచెము లెక్క వేసికొనవలయును. ఆ సబ్బు ఈ కొట్టులోనే కాదు, ప్రక్క కొట్టులోను, పెద్ద బజారు మేడలోను దొరకును. నేడు ఫోనులో వ్రేలితో నొక్కినచో ఇంటి గుమ్మమునకే వచ్చుచున్నది. కాబట్టి సబ్బు పేరును జనులకు నేర్పిన బోర్డు సబ్బునకు ఉపకారము చేయుచున్నదే కాని అంగడికి చేయుటలేదు. సరియైన తూకము, నచ్చని వస్తువును మారు మాటాడక తిరిగి తీసికొనుట, కష్టకాలమున ఖాతా పుస్తకములో వ్రాసికొని సరుకిచ్చుట మొదలగునవి కంపెనీవి కావు. ఆ యింటివారు రెండు మూడు తరములుగా సంపాదించుకొన్న ఆస్తి. ఆ ఆస్తికి గల ఒకే పత్రము వారి పేరు. ఆ పేరును వీధినుండి తుడిచివేసికొన్న పిమ్మట, బేరములు పోవుచున్నవని విచారించి ప్రయోజనమేమి?

కంపెనీల గుర్తులు అంగడిలో ఉండనే కూడదని మేము చెప్పుటలేదు. అవి లోపల అరలపై నుండవచ్చును. వెలుపల స్థలము కావలయునన్నచో అద్దె యిచ్చి, బోర్డులో ఒక భాగము తీసికొనవచ్చును. పై వరుసయు, పెద్ద అక్షరములును యజమాని పేరుకు ఉండవలయును. ఇంతమాత్రపు షరతును ధైర్యముగా అడుగగల వర్తకుడు పట్టణమునకు పదిమంది యున్నను, తక్కినవారికి త్రోవ యేర్పడును.

మంచి సరుకునకు ప్రకటన యెందుకని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని వారు చెప్పిన సామెతయే వారికి సమాధానము. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమును ఆరంభించినప్పుడు ఆ మందు మంచిదే. కాని మంచిదని లోకమునకు తెలియవలసి యుండెను. సంగీత సభలలో ఉచితముగా పంచి జనులకు దాని గుణమును అనుభవమునకు తెచ్చిరని చెప్పుదురు. పసుపుపచ్చని ఆ చిన్న సీసాను చదువురాని అవ్వయు గుర్తుపట్టునట్లు చేసిరి. తలనొప్పి తగ్గనిచో ఏ ప్రకటనయు ఆ సీసాను ఇంతకాలము నిలిపియుండదు. ప్రకటనయే లేకున్నచో ఆ సీసా బొంబాయి దాటి యుండదు. సరుకు, ప్రకటన అను రెండును జోడెడ్లవలె నడువవలయును.

మన గోడల మీది కేలండరును చూడుడు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రము స్థాపించి, దేవతామూర్తుల రంగుల పటములను సామాన్యుని యింటికి చేర్చెను. అట్టి పటముల క్రింద వర్తకుల పేర్లచ్చొత్తించి పంచు ఆచారము తరువాత దేశమంతట వ్యాపించినది. నేటికిని శివకాశిలో అచ్చుపడిన కేలండరు మన ఊరి బంగారు కొట్టు పేరుతోనో బట్టల కొట్టు పేరుతోనో వంటింటి గోడపై వ్రేలాడుచున్నది. తిథి వార నక్షత్రములకై ఇల్లాలు దినమునకు రెండుసార్లు దానివంక చూచును. చూచినప్పుడెల్ల కొట్టు పేరు కంటబడును. ఇంటివారికి ఉపయోగపడు వస్తువుగా వచ్చిన ప్రకటనకు ఇంటిలో పీట దొరకును. కేకలు వేయుచు వచ్చిన ప్రకటనకు గుమ్మములోనే వీడుకోలు.

ఇక బోర్డు ఎట్లుండవలయును? ఆ వృత్తిలోనివారి స్థూలగణనము ప్రకారము, పది అడుగుల దూరమునుండి సుఖముగా చదువుటకు అక్షరము ఒక అంగుళము ఎత్తుండవలయును. అరువది అడుగుల వీధికి ఆవలి ప్రక్కనున్నవానికి కనబడవలయునన్నచో ఆరంగుళములు కావలయును. అయితే ఇది ఇంగ్లీషు అక్షరముల లెక్క. మన లిపిలో తలకట్టులు, గుడులు పైనను, ఒత్తులు క్రిందను వచ్చును. ఇవన్నియు ఆరంగుళములలో ఇమిడ్చినచో అసలు అక్షరమునకు మిగులునది మూడు నాలుగంగుళములే. కావున తెలుగు బోర్డుకు మరికొంత ఎత్తు విడువవలయును; వరుసకును వరుసకును నడుమ ఒత్తులు ఊపిరి పీల్చుకొనుటకు చోటీయవలయును. వాహనముపై పోవువానికి బోర్డు చదువుటకు దొరకు కాలము రెండు మూడు క్షణములు. ఆ వ్యవధిలో వానికి చేరవలసినవి మూడే మాటలు: ఎవరి అంగడి, ఏమి దొరకును, ఎక్కడ దిగవలయును. మనవారు ఒక్క బోర్డుపై నలువది సరుకుల పేర్లు, నాలుగు ఫోను నంబర్లు, ఆరు రంగులు, ఇద్దరు సినిమా తారలను ఎక్కింతురు. అన్నియు చెప్పబూనిన బోర్డు ఏమియు చెప్పదు. ముదురు రంగు మీద లేత అక్షరములో, లేత రంగు మీద ముదురు అక్షరములో ఉండిన చాలును. పసుపు మీద నలుపు ఎంతటి దూరమునుండియైనను పలుకును.

భాషా విషయమున చెప్పవలసినది చాల గలదు. ఉమ్మడి రాష్ట్రమున 1988లో చేసిన దుకాణముల చట్టము క్రింది నిబంధనలే తెలుగు పేరు పైనను, తక్కిన భాషలలోని పేరు దాని క్రిందను ఉండవలయునని విధించినవి. నిబంధన కాగితముపై నున్నది, బజారులో లేదు. ఉన్నచోటనైనను తెలుగు ఎట్లున్నది? “వస్త్రాలయము” అని వ్రాయవలసినచోట “వస్ర్తాలయము” అని వ్రాసిన బోర్డులను మేము లెక్కకు మించి చూచితిమి. ఒత్తుల వరుస తారుమారైనది. అచ్చు వేసినవాడు చూడలేదు, డబ్బిచ్చినవాడు చూడలేదు, కట్టినవాడు చూడలేదు. వేల రూపాయలు పోసి ఎత్తున కట్టుకొను మాటను ఒకసారి అక్షరాక్షరము చదివించుటకు ఏ ఖర్చును లేదు. ఊరి బడిలో తెలుగు పంతులుగారున్నారు కదా!

ఫోటోల సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. ఇడ్లీల హోటలు ముందు ఏ దేశపు వంటకములో చిత్రించియుండును. చీరల కొట్టుపై ఆ కొట్టు గడప నెన్నడును త్రొక్కని నటి నిలిచియుండును. ఇంటర్నెట్టునుండి దించుకొన్న పరుల ఫోటో 1957 నాటి కాపీరైటు చట్టమును బట్టి పరుల సొత్తు. అనుమతి లేక వాడుకొనుట తప్పు. తప్పు మాట అట్లుండనిండు. అది తెలివితక్కువ కూడ. కొనువాడు చూడగోరునది తనకు దొరకబోవు వస్తువును. పైన పటారము, లోన లొటారము అని ఒకసారి తోచిన పిమ్మట వాడు మరల రాడు.

తన సరుకును తానే ఫోటో తీసికొనుటకు నేడు పెద్ద స్టూడియో అక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో సికిందరాబాదునందు రాజా దీన్‌దయాళుగారు బరువైన పెట్టెలతో, గాజు పలకలతో సాధించిన పని నేడు జేబులోని ఫోనుతో కొంతవరకైనను సాధ్యమగును. కావలసినది శ్రద్ధ. ఎండ నేరుగా పడని గుమ్మము ప్రక్కన, ఉదయపు వెలుతురులో, ఒక్క రంగు బట్టను వెనుక పరచి వస్తువు నుంచవలయును. ఫ్లాషు మానవలయును. రంగులను అసలుకంటె మెరిపింపరాదు. ఫోటోలో నెమలిపింఛమువలె మెరసి, పొట్లము విప్పగానే వెలవెలబోవు చీర వర్తకుని పేరును తనతో కూడ మాపును.

పోచంపల్లి చీరను తీసికొనుడు. దానికి భౌగోళిక గుర్తింపు 2004-05లో వచ్చినది. చేనేత వస్త్రమునకు కేంద్ర ప్రభుత్వపు చేనేత ముద్ర 2006నుండి యున్నది. అయినను మరమగ్గపు గుడ్డపై అచ్చొత్తిన నకిలీ బట్ట “పోచంపల్లి” అను పేరుతోనే బజారులో చెల్లుచున్నది. అచ్చు బట్టకు లోపలి ప్రక్క రంగు వెలిసియుండును. నూలుకు ముందుగానే చిటికి కట్టి రంగు లద్ది నేసిన బట్టకు రెండు ప్రక్కలను పూవు ఒక్కరీతి నుండును. పూవు అంచులలో సన్నని చెదురు కనబడును. ఈ రెండు ప్రక్కలను ఫోటో తీసి, నేతగాని యనుమతితో మగ్గమును కూడ చూపి, తన అంగడిలో నుంచిన వర్తకుడు వేయి పొగడ్తల పని ఒక్క చూపులో చేసినవాడగును. నిజమైన సరుకు గలవానికి ఫోటో సాక్షి; నకిలీ సరుకు గలవానికి శత్రువు. ఈ కారణముననే నిజాయితీగల చిన్న వర్తకుడు ఫోటోకు భయపడక దానిని చేరదీయవలయును.

ఈ మాట భూస్వాములకును వర్తించును. బంగినపల్లి మామిడికి 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను భౌగోళిక గుర్తింపు లభించినది. తోట యజమాని తన పండును పేరులేని గంపలో మార్కెట్టుకు పంపినంతకాలము ఆ పేరుయొక్క ఫలము దళారికి పోవును. ఆ గుర్తింపు క్రింద తన పేరు నమోదు చేయించుకొని, తోట పేరు, ఊరి పేరు, కోసిన తేది పెట్టెపై స్పష్టముగా వేసి, తన చెట్ల ఫోటోను చేర్చినచో అది కూడ బోర్డే. ఆ బోర్డు పండు వెంట పట్టణమునకు పోవును.

ప్రకటనలో అబద్ధమాడుట పాపమని పూర్వులు చెప్పిరి; నేరమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము చెప్పుచున్నది. తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయలవరకును, మరల చేసినచో 50 లక్షలవరకును జరిమానా విధించు అధికారము ఆ చట్టమువలన ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకు కలదు. చిన్న వర్తకులు ఇది పెద్దవారికే అని తలపరాదు.

ఫ్లెక్సుల విషయము చెప్పక ఈ ప్రసంగమును ముగింపజాలము. ఫ్లెక్సు చవుక, త్వరిత మన్నది నిజమే. కాని రెండు వేసవుల ఎండకు వెలిసిపోవును. చిరిగిన పిమ్మట మట్టిలో కలియదు. కాల్చినచో విషవాయువులు వెడలును. 100 మైక్రానులకు లోబడిన పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1నుండి కేంద్రము నిషేధించినది. అంతకంటె మందమైనవి మాత్రము బజారులలో నిశ్చింతగా నున్నవి. ఈ ఫ్లెక్సు మన ఊళ్లలో ఎందరి చేతినుండి కుంచెను లాగివేసినదో ఎవ్వరును లెక్క పెట్టలేదు. సుద్ద పూసిన దారమును రేకుపై బిగించి గీతలు కొట్టి, ఎనామెలు రంగులతో పది పండ్రెండేండ్లు నిలుచు అక్షరములను వ్రాసిన ఆర్టిస్టులు ప్రతి ఊరను నుండిరి. ఒక్కొక్కని అక్షరము ఒక్కొక్క తీరు. కొట్టు చూచి వ్రాసినవాని పేరు చెప్పగలిగెడివారు. పదేండ్లకు పంచి చూచినచో రేకు బోర్డు ఫ్లెక్సుకంటె ప్రియము కాదు. ఆ ధనము ఊరిలోనే నిలుచును.

ఎత్తున కట్టిన ప్రకటనలు ప్రాణములను కూడ తీయుచున్నవి. 2019 సెప్టెంబరులో చెన్నపట్టణమున ఒక వివాహమునకై రోడ్డు నడుమ కట్టిన బ్యానరు స్కూటరుపై పోవుచున్న 23 ఏండ్ల యువతిపై పడి, ఆమె లారీ క్రింద మరణించినది. 2024 మే 13న ముంబయి ఘాట్కోపరులో పెనుగాలికి కూలిన ప్రకటనఫలకము 17 మందిని బలిగొన్నది. 40 అడుగులు అనుమతింపదగినచోట అది 120 అడుగులుండెను. పురపాలక సంఘములు ఫీజు వసూలు చేయుటతో తమ విధి తీరినదని తలపరాదు. కాలిబాటను విడిచి, కొలత మించక, గట్టిగా బిగించి, తెలుగున స్పష్టముగా వ్రాయించిన చిన్న అంగడి బోర్డుకు ఫీజు తగ్గించి, కంపెనీల ఫలకములకు హెచ్చించినచో న్యాయముగా నుండును. వర్తక సంఘములు ఏటేట ఉగాదినాడు ఊరిలోని ఉత్తమమైన బోర్డుకును, దానిని వ్రాసిన ఆర్టిస్టుకును బహుమానమీయవచ్చును. ఇందుకు పట్టు ధనము స్వల్పము, కలుగు ఫలము అధికము.

మన అంగళ్లు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవని నలుగురు కూడినచోటనెల్ల వినుచున్నాము. అందుకు కారణములనేకము, బోర్డు ఒక్కటియే వానినన్నిటిని మాన్పగల ఔషధమని మేము చెప్పబోము. కాని పోరాడదలచినవాడు ముందు తన పేరు చెప్పుకొని నిలువవలయును. కొడుకు చేతికి అంగడి అప్పగించునాడు తండ్రి యిచ్చునవి తాళపుచెవులు, ఖాతా పుస్తకము, పేరు అను మూడే. ఆ మూడవదానిని మరల గుమ్మముపైకి తెచ్చుకొందురని మన వర్తక సోదరులను నమ్ముచున్నాము.