చేలో గాలిమర... లెక్క కట్టేదెవరు?

* బొగ్గు, నీరు ఆదా... కొండకు, కుంటకు కోత
* పర్యావరణ అంచనా పరిధికి వెలుపలే పవన విద్యుత్తు
* రైతు సొంత మరకైనా మదింపు తప్పదు

అనంతపురం: కరవు సీమలో కొదవలేనిది గాలి ఒక్కటే. రామగిరి కొండలపై 1990వ దశకంలో మొదలైన గాలిమరలు క్రమంగా ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప మండలాల్లోని వేరుశనగ చేల దాకా విస్తరించాయి. గుత్తి మండలం బేతపల్లిలో సౌర, పవన విద్యుత్తులను కలిపి ఉత్పత్తి చేసే భారీ సముదాయానికి 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. మరిన్ని మరలు రానున్నాయనడానికి ఇదే నిదర్శనం. అయితే ఒక రైతు పొలంలో గాలిమర నిలిచినప్పుడు అక్కడి నేలకు, నీటికి, పక్షులకు, పొరుగింటివారి నిద్రకు ఏమి జరుగుతుందో ముందుగా లెక్కగట్టే ఏర్పాటు మాత్రం మన చట్టంలో లేదు. ‘గాలి కరెంటు స్వచ్ఛమైనది’ అన్న ఒక్క మాటతో ఆ లెక్క ముగిసిపోతోంది. ఆ మాట నిజమే గానీ, అది సగం లెక్క మాత్రమే.

మేలు ఎంత?

మొదట జమ వైపు చూడాలి. 2 మెగావాట్ల గాలిమర ఒకటి ఏడాది మొత్తం మీద తన సామర్థ్యంలో నాలుగో వంతు మేరకు ఉత్పత్తి ఇస్తుందనుకుంటే, సాలీనా 43.8 లక్షల యూనిట్లు వస్తాయి. మన దేశ గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతోంది. ఆ లెక్కన ఒక్క మర ఏడాదికి దాదాపు 3 వేల టన్నుల వాయువును నివారిస్తున్నట్లు. ఉక్కు, సిమెంటు, రవాణా, కూల్చివేత కలిపి జీవితకాలం మొత్తానికి గణించినా గాలి విద్యుత్తుకు యూనిట్‌కు సుమారు 11 గ్రాములే పడుతుందని, బొగ్గు విద్యుత్తుకు అది 820 గ్రాములని వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం 2014 నివేదికలో పేర్కొంది.

అనంతకు ఇంతకంటె ముఖ్యమైనది నీటి లెక్క. బొగ్గు విద్యుత్కేంద్రాలు మెగావాట్ గంటకు 3.5 ఘనపు మీటర్లకు మించి నీరు వాడరాదని కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో పరిమితి విధించింది. ఆ పరిమితి ప్రకారం చూసినా, పై గాలిమర ఇచ్చేటంత విద్యుత్తును బొగ్గుతో తయారుచేయాలంటే ఏటా 1.53 కోట్ల లీటర్ల నీరు కావాలి. గాలిమరకు ఉత్పత్తి కోసం నీటి అవసరమే లేదు. సాలీనా వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే ప్రాంతంలో ఇది చిన్న మేలు కాదు.

మేఘాలను తరిమేస్తున్నాయా?

మరలు వచ్చాక వానలు తగ్గాయని, రెక్కలు మేఘాలను చెదరగొడుతున్నాయని పల్లెల్లో తరచూ వినిపించే మాట. దీనికి ఆధారం లేదు. రెక్క కొస నేలకు 150 మీటర్ల ఎత్తు దరిదాపుల్లో తిరుగుతుంది. వానమబ్బుల అడుగుభాగం సాధారణంగా అంతకు ఎన్నో రెట్లు ఎత్తున ఉంటుంది. మరలు లేని కాలంలోనూ ఈ జిల్లా కరవుకు ఆటపట్టే. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లో కురిసిపోగా మిగిలిన తడే ఇక్కడికి చేరడం అందుకు కారణం.

అలాగని రైతుల అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు. అమెరికాలోని టెక్సాస్‌లో 2003-2011 మధ్య ఉపగ్రహ చిత్రాలను పరిశీలించగా, మరలు దట్టంగా ఉన్నచోట రాత్రివేళ నేల ఉష్ణోగ్రత పరిసరాలకంటె దశాబ్దానికి 0.72 డిగ్రీల సెల్సియస్ చొప్పున పెరిగినట్లు తేలింది. ఈ అధ్యయనం 2012లో వెలువడింది. పైనున్న వెచ్చని గాలిని రెక్కలు కిందికి కలపడమే ఇందుకు కారణం. మెట్టచేలలో రాత్రి మంచుపైన, నేల తడిపైన దీని ప్రభావం ఎంతన్నది మన నేలమీద కొలిచి చూడవలసిన విషయం. వాన సంగతి మాత్రం వేరు.

చప్పుడు, నీడ

పొలంలో మర అంటే మొదట బాధ పడేది దగ్గరి ఇళ్లవారే. పెద్ద మర గాలి బాగా వీచే వేళ కుదురు వద్ద సుమారు 105 డెసిబెళ్ల ధ్వని వెలువరిస్తుంది. దూరం పెరిగేకొద్దీ అది తగ్గి, 300 మీటర్ల వద్ద 47, 500 మీటర్ల వద్ద 43 డెసిబెళ్లకు చేరుతుందని సాధారణ గణితం చెబుతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రివేళ పరిమితి 45 డెసిబెళ్లు. అంటే 300 మీటర్ల దూరంలోని ఇంటికి పరిమితి దాటినట్లే. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016 అక్టోబరులో జారీచేసిన మార్గదర్శకాలు నివాసాలకు 500 మీటర్ల దూరం పాటించాలన్నది ఇందుకే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సమాన దూరంలో రెండు మరలుంటే ధ్వని మరో 3 డెసిబెళ్లు పెరుగుతుంది. 43 కాస్తా 46 అవుతుంది. ఒక్కో మరను విడిగా చూస్తే అన్నీ నిబంధనకు లోబడే ఉంటాయి. ఊరి చుట్టూ ఉన్నవాటిని కలిపి చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో మరలు జోరుగా తిరుగుతాయి. చేలో పైరు, కాపలాకు మనుషులు ఉండేదీ అప్పుడే.

ఉదయం, సాయంకాలం సూర్యుడు వాలి ఉన్నప్పుడు రెక్కల నీడ ఇళ్ల కిటికీలపై మిణుకుమిణుకుమంటూ పడటం మరో ఇబ్బంది. జర్మనీలో ఏ ఇంటిపైనా ఇది ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు మించరాదన్న ప్రమాణం పాటిస్తారు. సూర్యుని గమనం ముందే తెలిసినది గనుక, ఏ ఇంటిపై ఏ రోజు ఎంతసేపు నీడ పడుతుందో మర నిలపకముందే కాగితంపై లెక్కించవచ్చు.

దారులే అసలు గాయం

నేలకు జరిగే నష్టం మరకంటె మర దాకా వేసే దారివల్లనే అధికం. 50 మీటర్లు దాటిన రెక్కను మోసుకొచ్చే వాహనానికి వెడల్పాటి, మలుపులు తక్కువగా ఉన్న బాట కావాలి. క్రేన్ నిలపడానికి చదును కావాలి. పునాదికి వందల ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. చదునైన చేలో వీటి నష్టం కొద్దిపాటి స్థలానికే పరిమితం. స్తంభం మొదలు దాకా సేద్యం సాగించవచ్చు. అదే గుట్టమీద అయితే వాలును కోయాలి. కోసిన మట్టి మొదటి పెద్దవానకు వంకల్లోకి, అక్కడినుంచి కుంటలు, చెరువుల్లోకి చేరుతుంది. గొలుసుకట్టు చెరువులపై ఆధారపడిన సీమలో పూడిక చేరితే నష్టపోయేది కింది ఆయకట్టు రైతు. అతనికి మర యజమానితో ఏ ఒప్పందమూ ఉండదు.

చెన్నేకొత్తపల్లి మండలం ముష్టికోవెల పరిసరాల్లోని కల్పవల్లి ఇందుకు ప్రబల ఉదాహరణ. టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో 1990వ దశకం నుంచి చుట్టుపక్కల గ్రామాలవారు కాపాడుకొంటూ వచ్చిన సుమారు 7 వేల ఎకరాల పచ్చని ప్రాంతమది. పశువులకు, గొర్రెలకు మేత, చీపురు గడ్డి, వంటచెరకు, చెరువులకు ఊటనీరు అక్కడినుంచే. రెవెన్యూ దస్త్రాల్లో మాత్రం అది బంజరు. ఆ ఒక్క మాట ఆధారంగా 2010 తరువాత ఆ గుట్టలపై మరలు వెలిశాయి. శిఖరాలను కోసి బాటలు వేశారని, గడ్డినేలలు, నీటిదారులు దెబ్బతిన్నాయని గ్రామస్థులు ఆందోళనకు దిగగా, వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడ కాపరి కంటికి కనబడినది దస్త్రంలో లేకపోవడమే గొడవకు మూలమన్నది గమనార్హం.

డేగ తగ్గితే తొండ పెరిగింది

పక్షుల విషయంలో మన దేశపు ఆధారమే ఉంది. మహారాష్ట్రలోని సతారా సమీపాన గల చాల్కేవాడి పీఠభూమిపై బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. మరలున్న చోట వేటపక్షుల సంఖ్య, మరలు లేని చోటికంటె దాదాపు నాలుగు రెట్లు తక్కువగా ఉంది. పైనుంచి వేటాడేవి తగ్గడంతో తొండలు పెరిగాయి. వాటి నడవడిక కూడా మారింది. ఒక జీవి కదిలితే దాని కింది వరుస అంతా కదులుతుందనడానికి ఇది సాక్ష్యం. చేలో ఎలుకలను పట్టే డేగలు, గద్దలు రైతుకు కూలి అడగని కాపలాదారులు. అవి తొలగితే కలిగే నష్టం ఏ ఒప్పంద పత్రంలోనూ కనబడదు.

మరతోపాటు వచ్చే విద్యుత్ తీగలూ తక్కువ హాని చేయవు. బట్టమేక పిట్ట రక్షణకై రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలను భూగర్భంలో వేయాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరిస్తూ విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది. అదే పక్షి కోసం ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యం పొరుగునే నంద్యాల జిల్లాలో ఉంది. మెట్ట గడ్డినేలలు పనికిరాని భూములు కావనడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

చట్టం ఏమంటోంది?

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన జాబితాలో పవన విద్యుత్తు లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీనిని కాలుష్యం లేని ‘తెలుపు’ వర్గంలో చేర్చింది. మండలికి తెలియజేస్తే చాలు, అనుమతి అక్కరలేదు. అటవీభూమి అయితే అటవీ అనుమతి కావాలి. పట్టాభూమి, రెవెన్యూ బంజరులకు ఆ అడ్డు లేదు. దూరాలకు సంబంధించి 2016 మార్గదర్శకాలున్నా, వాటిలో నీటిదారుల మదింపునకు గాని, ఊరంతటి ఉమ్మడి ప్రభావానికి గాని చోటు చాలదు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం రెండుకు మించిన మరలు గాని, కుదురు ఎత్తు 15 మీటర్లు దాటిన ఒక్క మర గాని నిలపదలచినప్పుడు, పూర్తి పర్యావరణ అంచనా అవసరమా కాదా అని స్థానిక ప్రణాళికా సంస్థ ముందుగా పరిశీలించాలి. రైతు తన చేలో, తన డబ్బుతో, తన అవసరానికి పెట్టుకొన్నా ఇందుకు మినహాయింపు లేదు. ప్రతి మరకూ పెద్ద నివేదిక అడగరు. అయితే ప్రశ్న అడగకుండా మాత్రం వదలరు.

రైతే యజమాని అయితే?

మన జిల్లాలో రైతు సాధారణంగా భూమి అమ్మినవాడు, లేదా కౌలుకిచ్చినవాడు. మర సంస్థది. మెగావాటుకు కోట్ల రూపాయల పెట్టుబడి కావలసి రావడం ఇందుకు ప్రధాన కారణం. డెన్మార్క్‌లో ఆది నుంచీ రైతులు, సహకార సంఘాలే మరలకు యజమానులు. 2009లో అమల్లోకి వచ్చిన చట్టం ద్వారా కొత్త మరల్లో 20 శాతం వాటాను స్థానికులకు ఇవ్వజూపాలన్న నియమం కూడా అక్కడ వచ్చింది. 2020లో దాని స్థానంలో వేరే పరిహార పద్ధతులు ప్రవేశపెట్టారు. మన దేశంలో 2019లో ఆరంభమైన పీఎం-కుసుమ్ పథకం తొలి భాగం రైతులు, సంఘాలు, పంచాయతీలు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా పునరుత్పాదక విద్యుత్కేంద్రాలు పెట్టుకోవడానికి వీలు కల్పించింది. ఆచరణలో అది సౌరవిద్యుత్తు బాటనే నడిచింది.

యాజమాన్యం రైతుదైతే ఒక మేలుంది. లాభం పొందేవాడు, చప్పుడు భరించేవాడు ఒక్కడే గనుక దూరాలు, దారులు జాగ్రత్తగా చూసుకొంటాడు. అయితే వంక నీరు, ఎగిరే డేగ, పొరుగు రైతు నిద్ర అతని పట్టాలో ఉండవు. అందువల్ల సొంత మరకైనా మదింపు తప్పదు. సంస్థ మర విషయంలో అది మరింత అవసరం.

ఆయుష్షు తీరాక

గాలిమర ఆయుష్షు 20 నుంచి 25 ఏళ్లు. 1990వ దశకంలో వెలసినవి ఆ గడువు దాటాయి. పాత మరల స్థానంలో కొత్తవి నిలపడానికి, ఆయుష్షు పొడిగించడానికి 2023 డిసెంబరులో కేంద్రం విధానం ప్రకటించింది. స్తంభపు ఉక్కుకు తుక్కు ధర పలుకుతుంది. గాజుపీచు, జిగురు కలిసిన రెక్కలను కరిగించి తిరిగి వాడటం కష్టం. నేలలోని కాంక్రీటు సంగతి అడిగేవారే ఉండరు. కౌలు ముగిశాక పునాదిని ఎంత లోతు వరకు తొలగించాలో, ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాసి ఉండకపోతే భారం రైతు కొడుకు మీదనే పడుతుంది.

అడగవలసిన ప్రశ్నలు

మొత్తంమీద చూస్తే గాలిమర మేలు దేశానికంతటికీ చెందుతుంది. కీడు మాత్రం ఆ ఊరికే పరిమితం. ఆ కీడులో అధికభాగం స్థలం ఎంపికలో, దారి వేయడంలో జాగ్రత్త పడితే తప్పించదగినదే. ఇందుకు సంవత్సరాల తరబడి సాగే అధ్యయనాలు అవసరం లేదు. మర నిలపకముందే గ్రామసభ ఎదుట అయిదు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు రావాలి. సమీపంలోని ఇంటికి దూరమెంత, ఊరి చుట్టూ ఉన్న మరలన్నీ కలిపి రాత్రి చప్పుడెంత? దారి ఏ వంకను కోస్తుంది, ఆ మట్టి ఏ చెరువుకు చేరుతుంది? దస్త్రంలో బంజరుగా ఉన్న నేలలో నిజానికి ఎవరి పశువులు మేస్తున్నాయి? ఒక వానకాలం, ఒక ఎండకాలం పరిశీలనలో అక్కడ కనబడిన పక్షులేవి? ఆయుష్షు తీరాక తొలగించే ఖర్చు ఎక్కడ జమ చేశారు?

వీటిలో మూడింటికి ఊరి కాపరులు, రైతులే జవాబు చెప్పగలరు. తక్కిన రెండింటికి జిల్లా యంత్రాంగం నిపుణులను పంపితే సరిపోతుంది. కొత్త మరలకు భూముల సేకరణ జోరందుకొంటున్న వేళ, పునాది గోతులు తవ్వకముందే ఈ పరిశీలన జరిగేలా రెండు జిల్లాల కలెక్టర్లు చొరవ చూపవలసి ఉంది.