బతికుండగానే ఒక్క ఫోటో!

మన ఇళ్ళల్లో మనిషికి విడిగా ఒక మంచి ఫోటో ఎప్పుడు తయారవుతుందో గమనించారా? పోయిన తర్వాత! పెద్దకర్మ దగ్గర పడుతుంటే బీరువాలు, ట్రంకు పెట్టెలు వెతకడం మొదలవుతుంది. మేనకోడలి పెళ్ళిలో నలుగురి వెనకాల నిలబడి తీయించుకున్నది ఒకటి దొరుకుతుంది. ఏదో కార్డు కోసం కళ్ళు చిట్లించుకుని తీయించుకున్నది ఇంకొకటి. ఆ పెళ్ళి ఫోటోలోంచి తల ఒక్కటీ కత్తిరించి, పెద్దది చేయించి, పక్కవాళ్ళ భుజాలు కనపడకుండా వెనకాల నీలం రంగు వేయించి, పటం కట్టించి దండ వేస్తాం. ఆ మొహంలో ఆయన ఉన్నాడా? ఉన్నాడనే అనుకుని దణ్ణం పెట్టుకుంటాం.

సినిమా పత్రికలో ఈ దండల గోల ఏమిటయ్యా అంటారా? ఆగండి, అక్కడికే వస్తున్నా. ఈ వారం కబుర్లు కెమెరా గురించి. తారల వెంటపడే ఫిరంగి లాంటి కెమెరా గురించి కాదు సుమండీ. చేతిసంచీలో వంకాయల పక్కన ఇమిడిపోతూ, అవసరాన్ని బట్టి లెన్సు మార్చుకోనిచ్చే చిన్న కెమెరా గురించి.

అసలు ఈ చిన్న కెమెరా సినిమా రీలు కడుపున పుట్టిన బిడ్డే! జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన ఉబ్బసం మనిషి. బరువైన గాజు పలకల కెమెరా మోయలేక, 35 మి.మీ. సినిమా ఫిల్ముతో పనిచేసే బుల్లి కెమెరా తయారుచేశాడు. 18 × 24 మి.మీ. ఉన్న సినిమా ఫ్రేమును రెట్టింపు చేసి 24 × 36 చేశాడు. అదే 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది. లెన్సు మార్చుకునే వీలు 1930లో వచ్చింది. 1959లో జపాన్‌లో ఒలింపస్ వారి ఇంజనీరు యోషిహిసా మైతానీ ఆ ఫ్రేమును మళ్ళీ సగం చేసి 'పెన్' అనే కెమెరా తెచ్చాడు. 36 ఫోటోల రీలులో 72 ఫోటోలు! అంటే తిరిగి తిరిగి సినిమా ఫ్రేము దగ్గరికే వచ్చామన్నమాట.

2008లో ఒలింపస్, పానసోనిక్ కలిసి 'మైక్రో ఫోర్ థర్డ్స్' అనే పద్ధతి ప్రకటించాయి. కెమెరా లోపలి అద్దాన్ని తీసేశారు, సెన్సరు 17.3 × 13 మి.మీ. మాత్రమే. దాంతో కెమెరాతోపాటు లెన్సూ చిక్కిపోయింది. 2009లో పాత 'పెన్' పేరుతోనే వచ్చిన ఇ-పి1 కెమెరా బరువు లెన్సు కాక 335 గ్రాములు. 2011లో వచ్చిన 45 మి.మీ. పోర్ట్రెయిట్ లెన్సు 116 గ్రాములు. 2021లో ఒలింపస్ కెమెరాల వ్యాపారం చేతులు మారినా ఈ జాతి కెమెరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పాతవి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. నాలాంటి ఫ్రీలాన్సు విలేకరి జేబుకు అదే దారి.

నా దగ్గర రెండే లెన్సులు. 20 మి.మీ.ది వీధికి, 45 మి.మీ.ది మనిషికి. మొదటిదాన్ని తగిలించుకుని ఊరికే తిరుగుతాను. తెల్లవారుజామున గోడకు హీరోగారి మొహం అంటించే కుర్రాడి మొహం, మైదా జిగురు బకెట్టు, టీ గ్లాసు మీద మునివేళ్ళు, మంగలి షాపు అద్దంలో పేపరు చదువుతున్న ముసలాయన... వీటిలో వార్త ఏమీ లేదు. ఏ పత్రికా వేసుకోదు. అయినా అలా రోజూ తిరిగితే, మనం నడిచే వీధినే మనం ఎన్నడూ చూడలేదని తెలిసొస్తుంది. ఆ సరదాకి డబ్బు లెక్క కట్టలేం.

ఇక రెండో లెన్సు కథ. హైదరాబాదు కృష్ణానగర్ తెలియని సినిమా మనిషి ఉండడు కదా. అక్కడ ఒక టీ బంకు దగ్గర ఒక జూనియర్ ఆర్టిస్టు పరిచయమయ్యాడు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. సంచీలోంచి ఆల్బం తీసి చూపించాడు.

"ఇది జడ్జి వేషం బాబూ. ఇది పురోహితుడు. ఇదిగో, ఇక్కడ హీరోయిన్‌కి తాతగారిని."

"ఇందులో మీరెక్కడున్నారు బాబాయ్?"

"వెనకాల గోడ మీద చూడు. దండేసిన పటం నాదే! నాలుగు సినిమాల్లో అలా గోడకెక్కాను. డైలాగు ఉండదు, భోజనం మాత్రం ఉంటుంది" అని నవ్వాడు.

ఆల్బం అంతా తిరగేశాను. అన్నీ వేషాలే. ఆయన ఆయనగా ఉన్న ఫోటో ఒక్కటీ లేదు!

ఇలాంటి మనిషి ముందు పెద్ద కెమెరా పెట్టి చూడండి, తక్షణం గుండీలు సర్దుకుని జడ్జిగారైపోతాడు. యాభై సినిమాల అలవాటు మరి. నా బుల్లి కెమెరాను చూసి మాత్రం "ఇదేం తీస్తుందిలే" అన్నట్టు పట్టించుకోలేదు. దాని తెర పైకి వంగుతుంది. పొట్ట దగ్గర పట్టుకుని కిందికి చూస్తూ తీయొచ్చు. నా మొహం కెమెరా వెనక దాక్కోలేదు కాబట్టి కబుర్లు ఆగలేదు. కూతురి ఊసు వచ్చినప్పుడు ఆయన టీ తాగడం మరిచిపోయి రోడ్డు వైపు చూశాడు. అప్పుడు నొక్కాను.

వారం తర్వాత ప్రింటు చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇందులో నేను ఏ వేషంలో ఉన్నాను బాబూ?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. ప్రింటును ఆల్బంలో పెట్టలేదాయన. చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళాడు.

చూశారా, చిన్న కెమెరా చేసే పని ఇదే. ఎదుటి మనిషిని భయపెట్టదు, నటించమని అడగదు. "ఫోన్ ఉందిగా, మళ్ళీ ఇదెందుకు?" అనేవారికి ఒక మాట. ఫోను మామూలు లెన్సు ఎక్కువ మేర చూస్తుంది. మొహం నిండుగా రావాలంటే మూరెడు దూరానికి వెళ్ళాలి. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. నా 45 మి.మీ. లెన్సు లైకా లెక్కలో 90తో సమానం. అయిదడుగుల దూరంలో కూర్చుంటే తల, భుజాలు హాయిగా వస్తాయి, ముక్కు ముక్కులాగే ఉంటుంది. అయిదడుగులంటే అరుగు మీద ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడుకునే దూరమే.

వెలుగు కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. సత్యజిత్ రాయ్ ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా 'పథేర్ పాంచాలి' (1955)కి ముందు సినిమా కెమెరా పట్టి ఎరగడు, స్టిల్ ఫోటోలు తీసుకునే కుర్రాడు. 'అపరాజితో' (1956)కి కాశీలోని ఇంటిని స్టూడియోలో వేశారు. సెట్టు పైన తెల్లగుడ్డ బిగించి, దీపాల వెలుగును దానిమీదికి కొట్టి, అక్కడినుంచి కిందికి జారిన మెత్తని వెలుగులో తీశాడాయన. చూసినవాళ్ళకి నిజమైన పగటి వెలుగే అనిపించింది. మనకి సెట్టు అక్కర్లేదు. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ట్యూబులైటు ఆర్పేయండి. చీకటి పడ్డ చెంప వైపు నాన్నగారి తెల్లపంచె ఒకటి కుర్చీ మీద పరచండి. దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ పెట్టండి. ఆ తర్వాత కెమెరా సంగతి మరిచిపోయి, ఆ మనిషికి ఇష్టమైన ఊసు ఎత్తండి.

"ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందిరా" అనే బామ్మలు ఇంకా ఉన్నారు. వాదించకండి. ముందు వాళ్ళు కాఫీ కలుపుతుంటే ఆ చేతుల్ని తీయండి. చేతులు ఒప్పుకుంటే మొహం నెమ్మదిగా ఒప్పుకుంటుంది.

తీసినదాన్ని ఫోనులోనో కంప్యూటర్లోనో పాతిపెట్టకండి. మంచిది ఒకటి ఎంచి, ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి హాల్లో తగిలించండి. ఆ మనిషి రోజూ దానికింద కూర్చుని పేపరు చదువుకోవాలి, "నా జుట్టు అలా ఉందేమిట్రా" అని మిమ్మల్ని తిట్టాలి. దండ మాత్రం వేయకండి, అది వేసేవాళ్ళు తర్వాత ఎలాగూ ఉంటారు!