ఎలుకను బట్టి మారిన మూలకణం

పామాయిల్ తింటే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందంటూ 2021 నవంబరులో వచ్చిన వార్తలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. ‘క్యాన్సర్‌ను పాకించే కణం దొరికింది’ అన్న శీర్షికలు అంతకు ఐదేళ్ల ముందే వచ్చాయి. రెండింటికీ మూలం బార్సిలోనాలోని సాల్వడార్ అజ్నార్ బెనిటా బృందమే. నోటి క్యాన్సర్ కణాల్లో సీడీ36 అనే ప్రొటీన్‌ను పైపొర మీద ఎక్కువగా మోసేవి కొన్నే ఉంటాయని, ఎలుకల్లో వేరే అవయవాలకు గడ్డను మోసుకుపోయేది అవేనని ఆ బృందం మొదట చూపింది. పామాయిల్‌లో ఎక్కువగా ఉండే పామిటిక్ ఆమ్లం తగిలిన కణాలను తర్వాత మామూలు మేత తినే ఎలుకల్లోకి మార్చినా వాటి దూకుడు తగ్గలేదని రెండో పరిశోధన తేల్చింది. ఓలీక్, లినోలీక్ ఆమ్లాలకు ఆ గుణం కనిపించలేదు.

పనిలో వంక పెట్టడానికేం లేదు. దాన్ని మనకు అందించిన తీరుతోనే పేచీ. సీడీ36 క్యాన్సర్ కణాల సొంత ఆస్తి అన్నట్టు రాశారు. అది రక్తంలోని ప్లేట్‌లెట్ల మీద ఉంది, కొవ్వు కణాల మీద ఉంది, గుండె కండరంలోనూ ఉంది. ఇలాంటి ప్రొటీన్‌ను గురిపెడితే ఏమవుతుందో ఈ రంగానికి అనుభవమే. సీడీ44 అనే పైపొర ప్రొటీన్‌లో వీ6 అనే రూపం ఎలుకల క్యాన్సర్ కణాలకు వ్యాపించే గుణాన్ని ఇస్తుందని 1991లో జర్మన్ శాస్త్రవేత్తలు చూపారు. దానికి విషం జోడించిన యాంటీబాడీ మందు తయారైంది. వీ6 చర్మ కణాల మీద కూడా ఉంటుంది. ఒక రోగి చర్మం ఊడిపోయి చనిపోవడంతో ఆ మందు పరీక్షలు ఆగిపోయాయి.

ఇక అసలు చిక్కు, జబ్బును మళ్లీ పుట్టించగల ఇలాంటి కణాలకు పెట్టిన ‘మూలకణం’ అనే మాటను దేన్ని చూసి వాడుతున్నారన్న దగ్గర ఉంది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చారు. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లే కంపెనీలో తయారుచేసిన మందు అది. 16 మందిలో 10 మంది తేరుకున్నారు, కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టింది. ఎక్కడి నుంచి తిరగబెడుతోంది? టొరంటోలో జాన్ డిక్ బృందం 1994లో ఒక జవాబు ఇచ్చింది. పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చే ఏఎంఎల్ రకం లుకేమియాలో పైపొర మీద సీడీ34 ఉండి సీడీ38 లేని కొద్ది కణాలే రోగనిరోధక శక్తి లేని ఎలుకలో జబ్బును మళ్లీ పుట్టించాయి. 2003లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ క్లార్క్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో ఇలాంటి సంగతే చూపింది. సీడీ44 ఉండి సీడీ24 దాదాపు లేని కణాలు వంద చాలు, ఎలుకలో గడ్డ కట్టడానికి. మిగతావి వేలల్లో ఎక్కించినా కట్టలేదు.

ఈ రుజువులన్నీ ఒకే పరీక్ష మీద నిలబడ్డాయి. మనిషి గడ్డను విడగొట్టి, యాంటీబాడీతో కణాలను వేరుచేసి, ఎలుకలోకి ఎక్కించి ఏది మొలుస్తుందో చూస్తారు. మొలవని కణానికి మొలిచే శక్తే లేదా, ఆ ఎలుక ఒళ్లు దానికి పడలేదా? ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవాడు షాన్ మారిసన్. 2003 నాటి రొమ్ము క్యాన్సర్ పత్రం మీద సంతకం చేసినవాళ్లలో ఆయనా ఒకరన్న సంగతి మన సైన్స్ పేజీల్లో ఎక్కడా కనపడదు. మెలనోమాలో పది లక్షల కణాల్లో ఒకదానికే గడ్డ కట్టే శక్తి ఉంటుందని అప్పటి లెక్క. 2008లో ఆయన బృందం ఎలుకను మార్చింది. రోగనిరోధక శక్తినిచ్చే టీ, బీ కణాలతోపాటు ఎన్‌కే కణాలు కూడా లేని ఎలుకను తీసుకున్నారు. మాట్రిజెల్ అనే జిగురు కలిపి ఎక్కించారు, ఎక్కువ కాలం ఆగి చూశారు. ఒక్కొక్కటిగా ఎక్కించిన కణాల్లో దాదాపు నాలుగింట ఒకటి గడ్డ కట్టింది. రోగుల జబ్బు అదే. ఎలుక మారేసరికి పది లక్షల్లో ఒకటి కాస్తా నాలుగులో ఒకటైంది. 2010లో అదే బృందం 22 మార్కర్లను, అంటే కణాన్ని గుర్తుపట్టే పైపొర ప్రొటీన్లను, పరీక్షిస్తే, గడ్డ కట్టేవాటినీ కట్టనివాటినీ వేరు చేసేది ఒక్కటీ తేలలేదు. మార్కర్ ఉన్న కణం నుంచి లేనివీ, లేనిదాని నుంచి ఉన్నవీ పుట్టుకొచ్చాయి.

పైపొర ప్రొటీన్ వేలిముద్ర లాంటిది కాదు, చొక్కా లాంటిది. పెద్దపేగు క్యాన్సర్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనపడింది. ఎలుకల్లో మూలకణ మార్కర్‌గా చూసే ఎల్‌జీఆర్5ను మోసే కణాలను తుడిచిపెడితే మొదటి గడ్డ పెరగడం ఆగింది కానీ చావలేదు. కాలేయంలో కొత్త గడ్డలు మాత్రం నిలదొక్కుకోలేకపోయాయి. ఇది 2017 మాట. అయితే కాలేయానికి వెళ్లే కణాల్లో ఎక్కువ భాగానికి ఎల్‌జీఆర్5 లేదని, అక్కడ దిగాక దాన్ని తెచ్చుకుంటాయని 2020లో డచ్ బృందం తేల్చింది. ప్రయాణం చేసేది ఒక తీరులో, కాపురం పెట్టేది ఇంకో తీరులో. ప్రయాణంలో పట్టుకోవాలని ఎల్‌జీఆర్5 కోసం వెతికితే దొరికేవి తక్కువే.

ఏఎంఎల్‌లో కణాల మధ్య పైమెట్టు, కిందిమెట్టు తేడా నిజంగా ఉందనడానికి బలమైన ఆధారాలున్నాయి. మెదడు గడ్డల్లోనూ ఎలుకల మీద మంచి పని జరిగింది. వాటిని కాదనను. గట్టి గడ్డలన్నిటికీ అదే నమూనా అతికించడమే తప్పు. నా లెక్కలో అక్కడ ‘మూలకణత్వం’ కణం మారగల ఒక స్థితి. ఇవాళ లేని కణానికి రేపు, చోటు కలిసొస్తే, వస్తుంది. దాన్ని కులంలా పుట్టుకతో అంటగట్టలేం.

ఇది ఖరీదైన పొరపాటు కూడా అయింది. స్టెమ్‌సెంట్రిక్స్ అనే కంపెనీ చిన్నకణ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మూలకణాల వేటతో డీఎల్‌ఎల్3 అనే మార్కర్‌ను పట్టింది. దానికి విషం మోసుకెళ్లే యాంటీబాడీ తయారుచేసింది. 2016లో మందుల సంస్థ యాబ్‌వీ ఆ కంపెనీని 580 కోట్ల డాలర్లు పెట్టి కొంది. 2019 నాటికి పెద్ద పరీక్షల్లో మందు తేలిపోయింది, కార్యక్రమం మూసేశారు. అదే డీఎల్‌ఎల్3ను గురిపెట్టిన టార్లటమాబ్‌కు 2024 మేలో అమెరికాలో అనుమతి దొరికింది. ఇది రోగి టీ కణాలను తెచ్చి క్యాన్సర్ కణానికి తగిలించే మందు. దాని ముందు నిలబడ్డ కణం మూలకణమా కాదా అన్న ప్రశ్నే దానికి అక్కర్లేదు. ఆ జబ్బులో ఎక్కువ గడ్డల పైపొర మీద డీఎల్‌ఎల్3 ఉంటుంది, మామూలు కణజాలంలో దాదాపు ఉండదు. అదే పనికొచ్చింది.

రొమ్ము క్యాన్సర్‌లో 1998 నుంచి అత్యధికుల ప్రాణాలు నిలబెట్టిన పైపొర మార్కర్ హెర్2, అది మూలకణానిదని ఎవరూ నిరూపించనక్కర్లేకుండానే. ఇవాళ రొమ్ము క్యాన్సర్ రోగికి ఏ మందు ఇవ్వాలో తేల్చే బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలను, హెర్2ను చూస్తారు. సీడీ44, సీడీ24 చూసి ఎవరూ మందు రాయరు.