అక్షరానికి కాపలా ఎవరు?

అచ్చులో ఉన్న మాట అబద్ధం కాదని మనకొక గట్టి నమ్మకం. అందులోనూ అది ఇంగ్లీషు పుస్తకమైతే, ఆపైన కంప్యూటరు పుస్తకమైతే, ఇక వేరే చెప్పనక్కరలేదు. తప్పు ఉంటే గింటే మన బుర్రలో ఉండాలి గాని పుస్తకంలో ఉండటమేమిటి? ఈ నమ్మకం మంచిది కాదనీ, కంప్యూటరు శాస్త్రం చదివే మన విద్యార్థులు దీన్ని త్వరగా వదిలించుకోవాలనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణగా తీసుకున్నది నలుగురూ మాట్లాడుకునే విషయం కాదు. ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ వంటి కెర్నెల్, అది మెమరీకి కల్పించే రక్షణ, ఆ రక్షణను గురించి వ్రాసిపెట్టిన డాక్యుమెంటేషన్, అందులో దొర్లిన తప్పులను దిద్దే పని.

ఇతర శాఖల మిత్రుల కోసం రెండు ముక్కలు. కంప్యూటరు మెమరీని పేజీలుగా విభజిస్తారు. మామూలుగా ఒక్కో పేజీ 4096 బైట్లు. ఏ పేజీని చదవవచ్చు, దేనిలో వ్రాయవచ్చు, దేనిలోని ఆదేశాలను నడపవచ్చు అనే అనుమతులు పేజీ పట్టికలో బిట్ల రూపంలో ఉంటాయి. హాస్టల్లో ఎవరి గదికి వారి తాళం ఉన్నట్టు, ఒక ప్రోగ్రాము ఇంకొకదాని జోలికి పోకుండా, ఏ ప్రోగ్రామూ కెర్నెల్ జోలికి పోకుండా చూసేవి ఈ బిట్లే. ఎవరిని ఎక్కడికి రానివ్వాలో కెర్నెల్ చెబుతుంది, వాకిట్లో నిలబడి కాపలా కాసేది ప్రాసెసరు. బాగానే ఉంది. మరి ఆ కాపలా ఎంతవరకు ఉంది, ఎక్కడ లేదు అని మనకు చెప్పేదెవరు? డాక్యుమెంటేషన్. అది తప్పు చెప్పిందా, ఉన్న తాళాన్ని మనమే తీసి పారేస్తాం, లేదా లేని తాళాన్ని నమ్ముకుని నిశ్చింతగా నిద్రపోతాం.

మాటలెందుకు, జరిగినదే చూద్దాం. లైనక్స్ కెర్నెల్లోకి 2006లో ఒక సదుపాయం వచ్చింది. చదువుకోవడానికి మాత్రమే ఉంచుకున్న కెర్నెల్ డేటాలో ఎవరూ ఏమీ వ్రాయకుండా ఆ పేజీలకు బందోబస్తు చేయడం దాని పని. దానికి పెట్టిన పేరు 'డీబగ్ ఆర్.ఓ. డేటా'. చిక్కంతా ఆ 'డీబగ్' తోనే వచ్చింది. డీబగ్ అంటే తప్పులు వెతుక్కునేటప్పుడు వాడుకుని, పని పూర్తయ్యాక తీసి పక్కన పెట్టేదని కదా అందరికీ తెలిసిన అర్థం! పైగా దాని పక్కన వ్రాసిన వివరణ కూడా మొదట్లో, దీనివల్ల వేగం కాస్త తగ్గవచ్చు, సందేహముంటే వద్దనుకోండి అనే ధోరణిలో ఉండేది. కొంతకాలానికి ఆ సలహా తిరగబడి, సందేహముంటే పెట్టుకోండి అని మారింది. ఇంగ్లీషులో చూస్తే తేడా ఒక్క అక్షరం. 'ఎన్' పోయి 'వై' వచ్చింది, అంతే! 2016లో 4.6 వెర్షన్‌తో, ఎక్స్86 ప్రాసెసర్ల మీద ఇక కావాలా వద్దా అని అడగడం మానేసి తప్పనిసరి చేశారు. 2017లో 4.11 వెర్షన్లో పేరే మార్చి 'స్ట్రిక్ట్ కెర్నెల్ ఆర్.డబ్ల్యు.ఎక్స్.' అన్నారు. పేరు మారినందువల్ల ఆ రక్షణ చేసే పని మారలేదు. మనిషికి అందే అర్థం మారింది. ఇది తాత్కాలికమైన పరికరం కాదు, తీయకూడని గొళ్ళెం అని పేరులోనే చెప్పడానికి పదకొండేళ్ళు పట్టిందన్న మాట. పేరు పెట్టడం కూడా డాక్యుమెంటేషనే అని నేననేది ఇందుకే.

ఇదంతా పేర్ల గొడవే కదా, దీనివల్ల మునిగిపోయినదేముంది అని కొందరు అనవచ్చు. 2018 మే నెలలో బయటపడిన సంగతి చూడండి. ఎక్స్86 ప్రాసెసర్లలో 'మూవ్ ఎస్.ఎస్.', 'పాప్ ఎస్.ఎస్.' అనే ఆదేశాలున్నాయి. వాటి వెంటనే కెర్నెల్లోకి తీసుకుపోయే ఆదేశం వస్తే, ముందే రావలసిన డీబగ్ ఎక్సెప్షన్ కాస్త ఆలస్యమై, కెర్నెల్ గడప దాటిన తరువాత వస్తుంది. గడప దాటాక వస్తే మర్యాదలు వేరు, అధికారాలు వేరు. దీనికి సిద్ధంగా లేని కెర్నెల్ తడబడుతుంది. ఉన్న డాక్యుమెంటేషన్ను ప్రోగ్రాము వ్రాసేవారు అర్థం చేసుకున్న తీరు వల్లనే ఈ లోపం వచ్చినట్టు కనబడుతోందని అమెరికాలోని సెర్ట్ సమన్వయ కేంద్రం అప్పుడు ప్రకటించింది. పొరబడినది ఒకరిద్దరు కాదు. విండోస్, మాక్ ఓ.ఎస్., లైనక్స్, ఫ్రీ బి.ఎస్.డి. అన్నీ సవరించుకోవలసి వచ్చింది. ఒకడు తప్పుగా చదివితే చదివినవాడి లోపం. ఇంతమంది హేమాహేమీలు ఒకే చోట తప్పుగా చదివితే, వ్రాసిన తీరులోనే ఏదో ఉందని నేనంటాను. కాదనగలరా?

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ప్రోగ్రాములో సెమికోలన్ మరిచిపోతే కంపైలరు ఊరుకోదు. అదే డాక్యుమెంటేషన్లో 'కాదు' అనే చిన్న మాట ఎగిరిపోతే అరిచి గోలచేసే యంత్రమేదీ లేదు. మెమరీకి ప్రాసెసరు కాపలా ఉంది, ప్రోగ్రాముకు కంపైలరు కాపలా ఉంది. అక్షరానికి మాత్రం చదివేవాడే కాపలా.

"ప్రోగ్రామే ఎదురుగా ఉండగా ఇంకా ఈ పత్రాలెందుకండీ?" అనే మేధావులు కూడా ఉన్నారు. ప్రోగ్రాము ఏం జరుగుతుందో చెబుతుంది, నిజమే. ఏం జరగాలని మాట ఇచ్చారో చెప్పదు. ఇచ్చిన మాట ఏదో తెలియనప్పుడు తప్పిందని ఎలా తేల్చడం? కాబట్టి పత్రం ఒకటి చెప్పి ప్రోగ్రాము ఇంకొకటి చేస్తూంటే, కలం తీసుకుని పత్రాన్ని కొట్టేయడమే సవరణ అనుకోరాదు. ఒక్కోసారి పత్రమే ఒప్పు, ప్రోగ్రామే తప్పు అయివుండవచ్చు. రెండింటిలో ఏది దారి తప్పిందో తేల్చాలంటే ప్రోగ్రాము చదవాలి, దాని చరిత్ర తిరగేయాలి, చిన్న ప్రోగ్రాము వ్రాసి ఒక పేజీకి రక్షణ పెట్టి, దానిలో వ్రాయబోయి, కెర్నెల్ అడ్డుకుంటుందో లేదో కళ్ళారా చూడాలి. ఇది ప్రూఫులు దిద్దే గుమాస్తా పనా? పరిశోధన కాదూ?

అన్నీ నిజాలే చెప్పి కూడా దారి తప్పించవచ్చు. 'మెమరీ ప్రొటెక్షన్ కీస్' అనే సదుపాయాన్నే తీసుకోండి. 2016 నుంచి లైనక్స్‌లో ఉంది. ఎక్స్86లో ఒక్కో పేజీకి నాలుగు బిట్ల తాళపుచెవి సంఖ్య, అంటే మొత్తం 16 చెవులు. ఒక రిజిస్టరులో ఒక్కో చెవికి రెండేసి బిట్లు. ఒకటి అసలు ముట్టుకోనివ్వదు, రెండోది వ్రాయనివ్వదు. ఇంతవరకే వ్రాసి ఊరుకుంటే ఒక్క అబద్ధమూ లేదు. కాని ఈ రక్షణ డేటాకే గాని, ఆ పేజీలోని ఆదేశాలను నడపడానికి అడ్డు రాదు. ఆ రిజిస్టరును మామూలు ప్రోగ్రాము కూడా కెర్నెల్ను అడగకుండానే మార్చుకోగలదు. అంటే మన చేతి పొరపాట్ల నుంచి కాపాడుతుంది గాని, లోపలికి చొరబడి తనకిష్టమైన ఆదేశాలు నడిపే దొంగను అదొక్కటే ఆపలేదు. ఈ రెండు వాక్యాలు లేని వివరణ చదివిన కుర్రవాడు తన ప్రోగ్రాములోని రహస్యాలను దేని చేతిలో పెట్టినట్టు?

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పని మన విద్యార్థులు చేయగలరు. లైనక్స్‌లో డాక్యుమెంటేషన్, ప్రోగ్రాము ఒకే చెట్టు కొమ్మల్లా కలిసే ఉంటాయి. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా సవరణ పంపవచ్చు. ఏమి మార్చారో, ఎందుకు మార్చారో నాలుగు వాక్యాల్లో వ్రాసి, ఇది నా బాధ్యత అని పేరు పెట్టి సంతకం చేయాలి. 2004 నుంచి అక్కడ ఆ సంతకం ఆనవాయితీ. డబ్బు అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు. "మన ఇంగ్లీషు చాలదేమో" అనే జంకు చాలామందిలో ఉంది. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. పరాయి భాషలో ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేవాడికే, ఈ వాక్యానికి రెండు అర్థాలున్నాయే అని తడుతుంది. ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాడు ఆ చోటును గబగబా దాటిపోతాడు. మన ఆలస్యమే అక్కడ మన అర్హత.

అసలు అడ్డు భాష కాదు, భయం. పుస్తకంలో తప్పుందని విద్యార్థి లేచి చెబితే దానిని తెలివి అనకుండా పొగరు అనే అలవాటు చాలా చోట్ల ఉంది. పదేళ్ళనాటి ల్యాబ్ మాన్యువల్లోని తప్పును ఏటా కొత్త బ్యాచి రికార్డులోకి భక్తిగా ఎక్కిస్తుంది. దాని మీద ఏటా కొత్త సంతకం పడుతుంది. 'మెమరీ ప్రొటెక్షన్ అనగానేమి?' అనే ప్రశ్నకు గైడులో ఉన్నది వ్రాస్తే మార్కులొస్తాయి, సరిచూసి వ్రాస్తే అనుమానాలొస్తాయి. ఇలాగైతే రేపు బ్యాంకులకు, ఆసుపత్రులకు ప్రోగ్రాములు వ్రాయబోయేవాడు ఏం నేర్చుకున్నట్టు? నమ్మడం నేర్చుకున్నాడు. సరిచూడటం నేర్చుకోలేదు.

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాక్టికల్స్‌లో ప్రతి జట్టూ కెర్నెల్ డాక్యుమెంటేషన్ నుంచి ఒక్క పేరా తీసుకుని, అందులోని ప్రతి వాక్యాన్నీ యంత్రం మీద పరీక్షించి చూపాలని నియమం పెట్టండి. తప్పు దొరికితే సవరణ పంపించండి, దొరకకపోతే ఒప్పని రుజువు చేసినందుకే మార్కులివ్వండి. మన పెద్దలు అచ్చయిన పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసేవారు. దానివల్ల ఆ గ్రంథకర్తల పరువేమీ పోలేదు. మన ల్యాబ్ మాన్యువల్ చివర కూడా అలాంటి పట్టిక ఒకటి ఉండాలి. అందులో తప్పు పట్టిన విద్యార్థి పేరు కూడా ఉండాలి. విద్యార్థి సంఘం పూనుకుంటే వచ్చే ఏడు ఈ సంచిక వెలువడే నాటికి ఆ పట్టికలో పది పేర్లుండటం కష్టమేమీ కాదు.