పళ్లు గొంతులో... చెవులు గాలితిత్తిలో!

ఈసారి చేపల మార్కెట్‌కి వెళ్లినప్పుడు ఓ పని చేసి చూడండి. తట్టలో ఉన్న శీలావతి నోరు తెరిచి లోపల వేలు పెట్టండి. భయపడాల్సిన పనేం లేదు. దాని దవడల్లో ఒక్క పన్ను కూడా ఉండదు. పక్క తొట్టిలో కొరమీను ఉందనుకోండి, ఆ ప్రయోగం మాత్రం వద్దు. దాని దవడల నిండా పళ్లే!

మరి పళ్లులేని చేప ఎలా నములుతుంది? గొంతుతో! మొప్పల వెనకాల, మేత లోపలికి జారే చోట అటొకటీ ఇటొకటీ కొడవలిలా వంగిన ఎముకలుంటాయి. పళ్లు ఉండేది వాటిమీద, వరుసలు వరుసలుగా. పైన పుర్రె అడుగున గట్టి దిండులాంటిది ఒకటి ఉంటుంది. మింగబోయే మేతను ఆ దిండుకేసి అదిమి, ఈ పళ్లతో నూరి అప్పుడు లోపలికి పంపుతుంది. అరిగిపోయిన పన్ను ఊడిపోయి దాని స్థానంలో కొత్తది వస్తుంది. అలా ఒకసారీ రెండుసార్లూ కాదు, బతికున్నంతకాలం. తలకాయ పులుసు ఇష్టంగా తినేవాళ్లకు ఆ కొడవలి ఎముకలు ఎప్పుడో ఒకప్పుడు చేతికి తగిలే ఉంటాయి. ఈసారి తగిలితే పారేయకుండా కడిగి పిల్లలకు చూపించండి.

పైకి చూస్తే మామూలు చేపే. కానీ ఈ గొంతు పళ్లే ఓ పెద్ద కుటుంబానికి గుర్తు. దాని పేరు సిప్రినిడే... వాడుకలో కార్ప్ కుటుంబం. ఈ కుటుంబాన్నీ దాని దగ్గరి చుట్టాలనూ కలిపి సిప్రినిఫార్మిస్ అనే వర్గంగా లెక్కేస్తారు. ఆ వర్గంలో నాలుగు వేలకు పైగా జాతులున్నాయి. దాదాపు అన్నీ మంచినీటి చేపలే. గొంతులో పళ్లు ఎన్ని వరుసలు, వరుసకెన్ని అన్నది జాతిని బట్టి మారుతుంది. అందుకే శాస్త్రవేత్తలు వాటిని లెక్కపెట్టి ఫార్ములాలా రాసుకుంటారు. పళ్ల తీరు కూడా తిండిని బట్టే. గడ్డిచేపకు రంపంలా నొక్కులున్న పళ్లు, బంగారుతీగకు నత్తగుల్లలు సైతం నలిపేసే దవడపళ్లలాంటివి.

ఇంతకీ మన మార్కెట్‌లో ఈ కుటుంబం వాళ్లెవరు? బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. పుస్తకాల్లో కట్ల, రోహు, మృగాల అనేవి ఇవే. శీలావతినే తెలంగాణలో రవ్వ అంటారు. బయటి దేశాల నుంచి వచ్చి మన చెరువుల్లో స్థిరపడినవి బంగారుతీగ, గడ్డిచేప, వెండిచేప. అక్వేరియంలో తిరిగే గోల్డ్‌ఫిష్ కూడా వీళ్ల బంధువే. కొరమీను కాదు. తిలాపియా కాదు. మీసాలు చూసి వాలుగనూ జెల్లనూ ఇందులో కలిపేస్తారు కొందరు. ఒంటిమీద పొలుసే లేని ఆ చేపల కుటుంబం వేరు. ఇక గోదావరి జిల్లాలవాళ్లు కోపగించుకోకపోతే ఓ మాట... పులస కూడా ఈ కుటుంబం కాదు. అది సముద్రం నుంచి నదికి ఎదురీదుకుంటూ వచ్చే వేరే వంశం.

పేర్ల పేచీ

మన మూడు చేపల్లో బొచ్చెకూ శీలావతికీ లాటిన్ పేరు పెట్టింది ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాల్ అంతా తిరిగి, గంగా నదిలోనూ దాని పాయల్లోనూ దొరికే చేపల గురించి 1822లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. కొత్త పేర్ల కోసం తల బద్దలుకొట్టుకోలేదు. అక్కడివాళ్లు పిలిచే కట్లా, రోహిత, మృగాల పేర్లనే లాటిన్ పేర్లకు తోకలుగా తగిలించాడు. రోహితం అంటే ఎరుపు. శీలావతి పొలుసుల మీద ఆ ఛాయ చూడొచ్చు.

హామిల్టన్ ఈ మూడింటినీ సిప్రినస్ అనే ఒకే ఇంట్లో పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు వేరు కాపురాలు పెట్టించారు. శీలావతి లేబియో ఇంటికి చేరింది. లేబియో అంటే లాటిన్‌లో పెద్ద పెదాలవాడని అర్థం. దాని కింది పెదవికి కుచ్చులు కుట్టినట్టుండే అంచు చూస్తే పేరు అతికినట్టు సరిపోయిందనిపిస్తుంది. ఎర్రమోసు సిర్రినస్ అయింది. బొచ్చెకు మాత్రం ప్రత్యేకంగా కట్లా అనే ఇల్లు కట్టించారు. దాంతో ఆ చేప పేరు ‘కట్లా కట్లా’ అయి కూర్చుంది. ఆ ఇల్లూ నిలవలేదు. కొందరు గిబెలియన్‌లోకి మార్చారు, మరికొందరు శీలావతి ఉన్న లేబియోలోనే కలిపేశారు. ఎన్ని ఇళ్లు మారినా బొచ్చె మాత్రం బొచ్చెలాగే ఉంది లెండి! గడ్డిచేప, వెండిచేపలనైతే 2018లో వచ్చిన వర్గీకరణ ఏకంగా వేరే కుటుంబం చేసేసింది.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకుంటే పొరపాటు. బొచ్చెకూ శీలావతికీ దగ్గరితనం ఎంత అన్న ప్రశ్న కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో చేపల చెరువు తవ్వుకున్న ప్రతి రైతుకూ డబ్బుతో ముడిపడ్డ వ్యవహారమే. అదెలాగో తెలియాలంటే ముందు ఈ చేపల నోళ్లు చూడాలి.

బొచ్చె నోరు పెద్దది, పైకి తిరిగి ఉంటుంది. మీసాలుండవు. నీళ్ల పైపొరలో తేలే సన్నటి జీవుల్ని నీటితోపాటు నోట్లోకి తీసుకుని, మొప్పల దగ్గరుండే దువ్వెన పళ్లలాంటి వాటితో వడకట్టుకుంటుంది. శీలావతి నోరు చిన్నది, కాస్త కిందికి దిగి ఉంటుంది. చిన్న మీసాలుంటాయి కానీ వెతికితే తప్ప కనిపించవు. దాని మకాం నీటి మధ్యపొర. ఎర్రమోసు కింది పెదవి ఉందా లేదా అన్నట్టుంటుంది. అది చెరువు అడుగున కుళ్లిన ఆకూ అలమూ, బురదలోని పదార్థాలూ ఏరుకుంటుంది. ఒకే చెరువులో మూడు అంతస్తులు, మూడు వంటిళ్లు! ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టరు. అందుకే వీటిని కలిపి పెంచుతారు. మన ఆంధ్ర రైతులు ఈ లెక్కను తమ అనుభవంతో మార్చుకున్నారు. బయటి మార్కెట్లలో గిరాకీ ఉన్న శీలావతిని ఎక్కువ వేసి, కొద్దిగా బొచ్చె కలుపుతారు. తవుడూ చెక్కా చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి నీటిలో పాతిన కర్రలకు కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి కొంచెం కొంచెంగా లాక్కుని తింటాయి. ఈ పద్ధతి చేప కడుపుకు కూడా సరిగ్గా కుదిరింది. నిజానికి దానికి కడుపే లేదు! మనకున్నట్టు జీర్ణాశయం అనే సంచి ఈ కుటుంబంలో ఉండదు. మేత గొంతు నుంచి నేరుగా పేగులోకే. శీలావతి పేగైతే ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు. ఒక్కసారే కడుపునిండా తిని దాచుకునే వసతి లేదు కాబట్టి రోజంతా చిరుతిళ్లే.

ఇక అసలు సంగతి. ఈ చేపలు చెరువు నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో పారే నదే కావాలి. పూర్వం పిల్లల్ని నదుల్లో పట్టి తెచ్చుకునేవారు. అందులో ఏ చేప పిల్లలున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం దారి చూపింది. చేప మెదడు కింద చిన్న గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దాని సారం తీసి, ఎర్రమోసుకు దగ్గరి బంధువైన ఓ చేపకు సూదితో ఎక్కించి, గుడ్లు పెట్టించారు. ఇప్పటికీ మన దేశంలో జులై 10న చేపల రైతుల దినోత్సవం జరుపుతున్నది అందుకే. ఇప్పుడు హేచరీల్లో తయారుగా దొరికే హార్మోన్ మందు వాడుతున్నారు.

సౌకర్యం వెంటే చిక్కు కూడా వచ్చింది. ఒకే తొట్టిలో రెండు మూడు జాతుల తల్లిచేపల్ని వదిలితే గుడ్లు ఒకదానివి, వీర్యం ఇంకొకదానిది కలిసిపోతాయి. దూరపు చుట్టాలైతే ఆ గుడ్లు మురిగిపోయేవి. ఇవి దగ్గరివాళ్లు కాబట్టి చక్కగా పొదుగుతాయి. బొచ్చెకూ శీలావతికీ పుట్టిన సంకరం బతుకుతుంది, పెరుగుతుంది, అది కూడా మళ్లీ పిల్లల్ని పెట్టగలదు. కంచరగాడిదలా అక్కడితో ఆగిపోదు. దాని నోరు పూర్తిగా పైకీ ఉండదు, కిందికీ ఉండదు. అంటే ఏ అంతస్తు తిండికి పుట్టిందో దానికే తెలియదు. మూడు వంటిళ్ల లెక్క అక్కడే తప్పుతుంది. సీడు కొనేటప్పుడు రైతు చేతికొచ్చేవి కళ్లూ తోకా తప్ప ఏమీ కనిపించని పిల్లలు. తేడా తెలిసేసరికి నెలలు గడిచి, తవుడు ఖర్చయి ఉంటుంది. వరదకు గట్టు తెగితే ఆ సంకరం నదిలోకి చేరి అసలు జాతుల్లో కలుస్తుంది. అందుకే మంచి హేచరీలవాళ్లు ఒక తొట్టిలో ఒక జాతినే పెడతారు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ నార్వే శాస్త్రవేత్తలతో కలిసి 1997లో ‘జయంతి’ రోహును విడుదల చేసింది. వేర్వేరు నదుల శీలావతుల్ని తెచ్చి, తరతరానా బాగా పెరిగేవాటిని ఏరి తయారుచేసిన రకం అది. అంత శ్రమా ఒక్క కలగాపులగం తొట్టితో నీళ్లపాలు కావచ్చు.

పెరిగిన చేపలో సంకరాన్ని పట్టుకోవడానికి పొలుసులు లెక్కపెడితే లాభం లేదు. పక్కన నిలువునా సాగే గీత మీద రెండింటికీ నలభై చిల్లరే. వీపు మీది రెక్కలో చీలిన పుల్లలు మాత్రం శీలావతికి 12 నుంచి 14, బొచ్చెకు 14 నుంచి 16. తలా నోరూ పెదవీ పోల్చి చూడాలి. అప్పటికీ అనుమానం ఉంటే డీఎన్ఏ పరీక్షే దిక్కు.

చెవి, ముల్లు, చేదు

చేప కోస్తున్నప్పుడు తెల్లటి బెలూన్ ఒకటి బయటపడుతుంది కదా, పిల్లలు టప్‌మని పేల్చుకునేది. మధ్యలో దారం కట్టినట్టు రెండు గదులుగా ఉంటుంది. నీటిలో తేలడానికి సాయపడేది అదే. అంతటితో అయిపోలేదు, చెవికి డప్పు కూడా అదే! నీటిలో చప్పుడు అయితే ఆ తిత్తి అదురుతుంది. వెన్నెముక మొదట్లో ఉన్న నాలుగు జతల చిట్టి ఎముకలు ఆ అదురును లోపలి చెవికి మోసుకెళ్తాయి. జర్మనీకి చెందిన వెబర్ 1820లో వీటిని గుర్తించి మన చెవిలోని ఎముకల పేర్లే పెట్టాడు. వాలుగలకూ ఈ ఏర్పాటు ఉంది. ఇందాక కుటుంబం వేరన్నాం కదా... ముత్తాతల దాకా వెళ్తే చుట్టరికం తగుల్తుందన్నమాట.

ఇంట్లో గొడవంతా ముళ్ల దగ్గరే. ‘కొరమీనైతే పెట్టు, శీలావతి అయితే వద్దు’ అని మారాం చేసే పిల్లలు ఏ ఇంట్లో లేరు? వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. ఈ కుటుంబంలో వెన్నెముకకు అతుక్కోకుండా కండ పొరల మధ్య విడిగా ఉండే సన్నటి ముళ్లు పదుల సంఖ్యలో ఉంటాయి. కొన్ని చేపల్లో వంద దాటతాయి. చాలావాటి ఆకారం అచ్చం పంగలకర్రే. వెన్నెముకతో పాటు లాగితే వచ్చేవి కావు. కొరమీనుకు ఆ ముళ్లే ఉండవు. చైనాలో శాస్త్రవేత్తలు ఈ మధ్య ఒక జన్యువును మార్చి ఈ ముళ్లు లేని కార్ప్‌ను పుట్టించారు. అది మన కంచంలోకి వచ్చేదాకా ఓ చిట్కా ఉంది. ఈ ముళ్లు వీపు భాగంలోనూ తోక వైపునా ఉంటాయి. పొట్ట ముక్కలో ఉండేవి పక్కటెముకలు, పెద్దవి, కంటికి కనబడతాయి. పిల్లలకు పొట్ట ముక్క వేయండి. వేపుడైతే వీపు ముక్కకు సన్నగా, దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి బాగా కాగిన నూనెలో వేయించండి. తెగిన ముళ్లు కరకరలాడిపోతాయి.

చివరగా, చేప కడిగేటప్పుడు చిట్లిపోతుందని అందరూ భయపడే ఆకుపచ్చటి చేదు సంచి గురించి. అది పిత్తాశయం. చిట్లితే కూర చేదవుతుందన్నది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే, అది మంచి మందని నమ్మి పచ్చిదే మింగేవాళ్లున్నారు. షుగర్‌కని ఒకరు, కంటిచూపుకని ఇంకొకరు. ఈ కుటుంబం చేపల పైత్యంలో సిప్రినాల్ అనే పదార్థం ఉంటుంది. దాని పేరులోనే కుటుంబం పేరు ఉంది చూడండి. మూత్రపిండాలకు అది విషం. శీలావతి పిత్తాశయం మింగి కిడ్నీలు దెబ్బతిన్న రోగుల గురించి మన దేశంలోని వైద్యులే వైద్య పత్రికల్లో రాశారు. ఉడికించినా ఆ విషం పోదు. మింగిన కొన్ని గంటలకు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గాయని ఊపిరి పీల్చుకునే లోపు మూత్రం తగ్గిపోవడం మొదలవుతుంది. సకాలంలో వెళితే డయాలసిస్‌తో చాలామంది కోలుకుంటారు. కాబట్టి మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఎవరైనా మింగారని తెలిస్తే వాంతులు కట్టేదాకా ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, తిన్నది చేప చేదు అని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి.