పెళ్లి డబ్బు, ఫోను తెర

ఈ సంచికలో క్రిప్టో మీద చర్చ పెడదామనుకున్న వారంలోనే మా వీధి టైలరు తన ఫోను నా చేతిలో పెట్టాడు. తెర మీద పదకొండు లక్షల నలభై వేలు. కూతురి పెళ్లికి దాచిన రెండు లక్షలు ఆర్నెల్లలో అంత అయ్యాయట. "తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటున్నారు సార్, కట్టేయమంటారా?"

వద్దన్నాను. అసలు పన్నయితే అమ్మిన సొమ్ములోంచే 1 శాతం కోస్తారు, లాభం మీద 30 శాతం మనం రిటర్నులో కడతాం. చేతి డబ్బు తెచ్చి ముందే కట్టమన్నారంటే అది మోసమే. పెట్టిన రెండు లక్షలూ పోయాయని చెప్పడానికి నాకు చాలాసేపు నోరు రాలేదు.

బిట్‌కాయిన్ మోసమా అంటే కాదనే అంటాను. 2009 నుంచి నడుస్తున్న దాని పద్దు ఎవరైనా చూసుకోవచ్చు, నాణేలు 2.1 కోట్లు దాటవు. కానీ అది పంట పండదు, అద్దె తేదు, వడ్డీ ఇవ్వదు. రేపు ఇంకొకరు ఎక్కువకు కొంటేనే లాభం. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా ఎక్కి, ఏడాది తిరిగేసరికి 16 వేలకు దిగింది. పెళ్లి డబ్బు అక్కడ పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పన్ను వేశారు కనుక ప్రభుత్వం పూచీ ఉందనుకునేవాళ్లు చాలామంది. అలాంటి పూచీ ఏదీ లేదు.

క్రిప్టో పేరుతో నడిచిన వన్‌కాయిన్ అనే మోసానికైతే అలాంటి పద్దు, అంటే బ్లాక్‌చెయినే అసలు లేదు. అయినా వందల కోట్ల డాలర్లు పోగుచేసింది.

టైలరు చేత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించాను. ఫిర్యాదు నంబరు కొలతల పుస్తకంలో, ఎవరిదో జాకెట్టు కొలత పక్కన రాసుకున్నాడు.

- సంపాదకుడు