హతసాక్షి

నా పూర్వవిద్యార్థి ఒకడు నేడు సంఘకాపరి. మొన్న సాయంకాలం మా అరుగుమీద కూర్చుండి అడిగాడు: "అయ్యవారూ, అబద్ధం కోసం ఎవరైనా ప్రాణమిస్తారా? ఆదిక్రైస్తవుల మరణాలే వారి విశ్వాసానికి రుజువు కాదా?"

నాకు తటాలున తిమ్మమ్మ మర్రిమాను స్ఫురించింది. కదిరి సమీపాన గూటిబయలులోని ఆ మాను 1989లో గిన్నిస్ గ్రంథానికెక్కింది. 2022 దాకా అది మా అనంతపురం జిల్లాలోనిదే. 1434లో తిమ్మమ్మ భర్తతో సహగమనం చేసిందనీ, చితికి నాటిన గుంజ ఒకటి చిగిర్చి ఆ మాను అయిందనీ స్థలకథనం. ఆ కథను తరగతిలో ఏళ్ల తరబడి గద్గదస్వరంతో చెప్పాను. ఒకనాడు ముందు బల్లమీది ఆడపిల్లల ముఖాలు చూసి ఆపేశాను. మళ్లీ చెప్పలేదు. తిమ్మమ్మ నిష్ఠను నేను శంకించను. కాని ఆమె మరణం సహగమనాన్ని ధర్మం చేయలేదు. అబద్ధమని తెలిసి చచ్చేవారు అరుదు. నిజమని నమ్మి చచ్చినవారు అన్ని మతాలలోనూ ఉన్నారు.

ఐనా తెలుగు క్రైస్తవుల మాట ఒకటి నన్ను వదలలేదు. ధర్మం కోసం చంపబడినవానిని వారు "హతసాక్షి" అంటారు. గ్రీకు మూలపదానికీ సాక్షి అనియే అర్థం. ఎంత నిండైన సమాసం! పాణిని మతంలో సాక్షి అనగా స్వయంగా చూచినవాడు. కనుక ప్రశ్న ఎలా చచ్చాడని కాదు, ఏమి చూచాడని.

స్ముర్నలో వృద్ధుడైన పొలికార్పు, 203లో కార్తేజిలో పసిబిడ్డ తల్లి పెర్పెతువ యేసును చూచినవారు కారు, విన్నదానిని నమ్మినవారు. 64లో రోము దహనానంతరం నీరో చంపించినవారికి మతం విడిస్తే ప్రాణం దక్కేదని టాసిటస్ ఎక్కడా చెప్పడు. సుమారు 112లో ప్లినీ మాత్రం క్రీస్తును దూషించినవారిని విడిచిపెట్టాడు. దూషించక నిలిచినవారి ధైర్యానికి నమస్కరిస్తాను. వారూ విన్నవారే.

ఇక మిగిలినవాడు జెబెదయి కుమారుడు యాకోబు. యేసు వెంట నడిచినవాడు, హేరోదు అగ్రిప్ప కత్తికి బలియైనవాడు. అతని మరణం అతడు మోసగాడు కాడనడానికి గట్టి సాక్ష్యమే, భ్రమపడలేదనడానికి చాలదు. ఇంతవరకు నా శిష్యునికి నేను ఇచ్చుకోగలను.

"అదైనా ఇచ్చారు" అని నవ్వి, అతడు సంచిలోనుండి బైబిలు తీసి అపొస్తలుల కార్యములు పన్నెండవ అధ్యాయం చదివాడు. యాకోబు మరణానికి అక్కడ దక్కినది ఒక్క వాక్యం. విశ్వాసం విడిస్తే బ్రతకనిస్తామని అతనిని ఎవరైనా అడిగారా? ఆ వాక్యం చెప్పదు. ఇద్దరం దానిని రెండుమార్లు చదివాము. ఆదివారం ఆరాధన ముగిశాక మళ్లీ వస్తానన్నాడు.